టపాలో వాగు మీద సైలస్ రైలు

పిల్లలూ, మీరు చికాగోలో పుట్టారు. టపాలో అనే వాగు మీది రైలు వంతెన సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. నేను విన్నంతే చెబుతాను, కల్పించను.

మిసిసిపీలో ఆ వంతెనకి చెడ్డ పేరు. సైలస్ అనేవాడు అక్కడే రైలు కింద పడి చనిపోయాడు. బతికున్నప్పుడు మౌతార్గాన్‌తో రైలునే పలికించేవాడట — దూరంగా కూత, దగ్గరవుతున్న చక్రాల చప్పుడు, అన్నీ. పోయాక కూడా రాత్రిళ్ళు ఆ రైలు వినబడుతోందని చెప్పుకునేవాళ్ళు.

ఆ వాగు పక్కనే ఉండే ఓథా అనే అతని భార్య ఎలోయిస్‌కి నొప్పులొచ్చిన రోజే, మనుషులు నడిచే బాట వంతెన వరదకి కొట్టుకుపోయింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు. అవతలి గట్టుకి పోయి మంత్రసాని జెన్నీ పెద్దమ్మను తీసుకుని, ఓథా రైలు వంతెన మీదుగా తిరిగొస్తున్నాడు.

చీకటి. పొగమంచు. పట్టాల కింది దుంగలను కాళ్ళతో తడుముకుంటూ...

"మెల్లగా రా పెద్దమ్మా."

"ఇంతకన్నా మెల్లగా అంటే వెనక్కి నడవాలిరా!"

సగం దాటారు. వెనక — కూత.

పెద్దమ్మ అతని చొక్కా పట్టుకుంది. "రైలురా!"

"కాదు. గూడ్సు ఎనిమిదికే పోయుంటుంది. అది సైలస్ మౌతార్గాన్. వెనక్కి చూడకు, నడువు."

ఆ ఊళ్ళలో మౌతార్గాన్ పట్టిన ప్రతివాడూ మొదట నేర్చేది రైలు కూతే. ఓథా దాన్ని సైలస్ దగ్గరే నేర్చుకున్నాడు. అరచేతులు మూసి తెరుస్తూ ఆ కూత ఎలా పుట్టిస్తారో అతనికి తెలుసు.

చక్రాల చప్పుడు పెరిగింది. చచ్చాక ఇంకా బాగా వాయిస్తున్నాడే, అనుకున్నాడు ఓథా.

అప్పుడు — ముందు, చెయ్యి చాపితే అందేంత దగ్గర — మౌతార్గాన్ మోగింది.

రైలు కాదు. ఏడుపును సాగదీసినట్టు నెమ్మదైన బ్లూస్ పాట. ఊపిరి లోపలికి పీలుస్తూ స్వరాన్ని కిందికి వంచే ఆ తీరు... ముమ్మాటికీ సైలస్‌దే.

"ఒరేయ్..." పెద్దమ్మ గొణిగింది. "సైలస్ ఇక్కడుంటే, మరి వెనకున్నదేంట్రా?"

ఓథా ఆమెను నడుం పట్టి ఎత్తి పాట వైపు దూకాడు. కాళ్ళకి చెక్క తగిలింది — మంటలార్పే నీళ్ళ పీపా కోసం వంతెన పక్కన కట్టిన చిన్న అరుగు. మరుక్షణమే, వరద వల్ల ఆలస్యమైన గూడ్సు వాళ్ళ బట్టలను లాగుతూ దూసుకుపోయింది.

అరుగు మీద ఎవరూ లేరు. పీపాలో నీళ్ళు ఊగుతున్నాయి.

"రైలు అదురుకి," అంది పెద్దమ్మ.

ఓథా చేత్తో పీపాను తడిమాడు. వాయించే ముందు మౌతార్గాన్‌ను నీళ్ళలో ముంచడం సైలస్‌కి అలవాటు. పీపా మూత... ఎవరో తీసి, పక్కన నిలబెట్టినట్టుంది.

తెల్లారకముందే ఎలోయిస్‌కి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ దక్కారు.

ఇది మీ పిల్లలకీ చెప్పండి. అక్కడ ఎవరున్నారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. కానీ పట్టాల మీద కూత వినబడితే, అది ఎవరిదా అని ఆలోచిస్తూ నిలబడకుండా ముందు పక్కకి దిగమనండి.