శ్రుతి తప్పిన దెయ్యం

చీకటి పడ్డాక ఆ సందులోకి కుక్క కూడా పోదు.

మూలనున్న మేడ ఇల్లే దానికి కారణం. పద్దెనిమిదేళ్ళుగా తాళం వేసి ఉంది. కిటికీ అద్దాలు పగిలిపోయి, నీళ్ళ గొట్టాలు తుప్పుపట్టి, మెట్ల మీద ఎండుటాకులు గుట్టగా పడి ఉంటాయి. ఆ ఇంటి ముసలాయన్ని గొంతు పిసికి చంపారని కొందరంటారు. మెట్ల మీంచి తోసేశారని ఇంకొందరంటారు. నిజానికి ఆయన ఆసుపత్రిలో, మంచం మీద, తొంభై ఒకటో ఏట, కొడుకులు చుట్టూ ఉండగా పోయాడు. అయినా దెయ్యమయ్యాడు. ఒక ఇల్లు ఖాళీగా కనబడితే చాలు, అందులో ఎవరినో ఒకరిని చంపి పెట్టందే మన జనానికి నిద్ర పట్టదు.

అయితే ఓ పదిరోజులుగా ఆ ఇంట్లోంచి నిజంగానే మూలుగు వినబడుతోందని చెప్పుకున్నారు. పాలాయన విన్నాడు. పేపర్లు వేసే ఆయనా విన్నాడు. తాళం చూస్తే వేసింది వేసినట్టే ఉంది...

అలాంటి సందులోంచి అర్ధరాత్రి మామయ్య ఒంటరిగా ఎందుకు నడిచాడో ముందు చెప్పాలి.

మామయ్య నాకు చుట్టమేం కాదు, వీధిలో అందరికీ మామయ్యే. వాయిద్యాలు మరమ్మతు చేసే కొట్టు ఆయనది. చెవి మహా పదును. పాలాయన సైకిల్ గంట శ్రుతిలో లేదని ఆయన్ని నడివీధిలో ఆపి, గంట విప్పించిన మనిషి. ఈ కథ ఆయన నోటే విన్నాను. చెప్పిన ప్రతిసారీ దెయ్యం ఓ జానెడు పొడుగు పెరుగుతోంది కాబట్టి, నేను కొంచెం కత్తిరించి చెబుతున్నాను.

ఆయనకి ఒక్కతే కూతురు. పెద్దవీధిలో తాళాలు బాగుచేసే ఆయన కొడుకుని చేసుకుంటానంది. వాళ్ళ తాతలు ఎప్పుడో ఓడ దిగి వచ్చినవాళ్ళు. వాళ్ళ రంగు వేరు, జుట్టు వేరు, ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మామయ్య వాళ్ళు కూర్చుని ప్రార్థన చేస్తారు, వాళ్ళు నిలబడి చేస్తారు. దేవుడికి ఈ విషయంలో పట్టింపు ఉందో లేదో నాకు తెలీదు గానీ, రెండిళ్ళలోనూ మాత్రం బాగా ఉంది.

మామయ్య ఒక్కటే మాటన్నాడు. "చేసుకుంటే చేసుకో. నేను రాను. దీవెన పాడను."

ఆ మాట చిన్నది కాదు. వాళ్ళలో పెళ్ళిరోజున తండ్రి కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒక పాట పాడాలి. నాలుగు చరణాలు. అది పాడితేనే పిల్లని మనసారా పంపినట్టు. పాడకపోతే పిల్ల తనంతట తను వెళ్ళిపోయినట్టు. కూతురు నెలల తరబడి బతిమాలింది. తర్వాత బతిమాలడం మానేసింది. ఆ మానెయ్యడమే మామయ్యకి ఎక్కువ గుచ్చుకుంది, కానీ పైకి చెబితే ఆయన మామయ్యే కాదు.

తెల్లారితే పెళ్ళి, రిజిస్ట్రారు ఆఫీసులో. ఇంట్లో తల్లీకూతుళ్ళు ఆయనతో మాటా పలుకూ లేకుండా బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆ ముభావం భరించలేక ఆయన కొట్టుకి పోయి, బాగానే ఉన్న ఒక హార్మోనియం విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాడు. ఇంటికి దార్లు రెండే. పెద్దవీధిలోంచి పోతే తాళాలాయన కొట్టు, దాని మీదే ఆయన ఇల్లు. పెళ్ళివారిల్లు కదా, మేలుకునే ఉంటారు. రెండోది ఈ సందు.

కాబోయే వియ్యంకుడి మొహం చూడటం కన్నా దెయ్యం మొహం చూడటమే నయమనుకున్నాడు మామయ్య.

సందు సగానికి వచ్చాడు...

ఆకుల మీద అడుగు పడ్డ చప్పుడు. ఆగాడు. అదీ ఆగింది. నా చెప్పుల చప్పుడేలే అని సర్దిచెప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు.

మళ్ళీ చప్పుడు — చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

చూడకూడదు అనుకుంటూనే మేడ వైపు చూశాడు. ముందు తలుపుకి తాళం వేసే ఉంది. కిటికీలో మసక వెలుగొకటి ఇటునుంచి అటు కదిలి... ఆరిపోయింది.

వెనక్కి తిరిగి పరిగెత్తబోయాడు.

అప్పుడు మొదలైంది పాట. లావుపాటి గొంతు, బావి అడుగునుంచి వస్తున్నట్టు. మొదటి మాటలు చెవిన పడగానే మామయ్యకి ఒళ్ళు చల్లబడింది.

అది దీవెన పాట!

ఈ రాత్రి, తన ఇంట్లో పెళ్ళి పెట్టుకుని, ఈ పాట పాడవలసినవాడు ఒక్కడే — తను. తను పాడనన్నాడు. మరి ఈ పాడేదెవరు?

చెల్లెలి పెళ్ళిలో ఈ పాట పాడిన వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఆయన పోయి ఇరవై రెండేళ్ళు.

"నాన్నా..." అన్నాడు గుసగుసగా. "నా మీద కోపంగా ఉందా?"

రెండో చరణం మొదలైంది. మామయ్యకి కళ్ళనీళ్ళు ధారకట్టాయి. ఉన్నచోటే సందు మధ్యలో కూర్చుండిపోయి, చేతులు జోడించాడు. మూడో చరణం వచ్చింది...

పైకి వెళ్ళవలసిన చోట గొంతు కిందికి జారింది.

మామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కాదు, ఇది నాన్న కాదు. మా నాన్న చచ్చిపోయినా శ్రుతి తప్పడు!

దెయ్యం మళ్ళీ మొదటినుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే జారింది. ఇంకోసారి పాడింది, ఇంకోసారి జారింది. నాలుగోసారికి భయం ఎటుపోయిందో గానీ, మామయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు నూరాడు. చెవులు మూసుకున్నాడు. ఐదోసారి దెయ్యం మూడో చరణం ఎత్తుకునేసరికి —

"పైకి!" అని అరిచేశాడు. "అక్కడ పైకి వెళ్ళాలి! కిందికి కాదు!"

అరిచి ఊరుకోలేదు. గొంతెత్తి ఆ చరణం పాడి చూపించాడు కూడా.

పాట ఆగిపోయింది.

చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది. అర్ధరాత్రి, నరమానవుడు లేని సందులో, దెయ్యానికి తప్పులు దిద్దాడు.

లోపల్నుంచి మెల్లగా... ఆ చరణమే. ఈసారి కొంచెం పైకి.

"ఇంకా," అన్నాడు మామయ్య, వణుకుతూనే.

ఇంకొంచెం పైకి.

"ఊపిరి ముందే తీసుకోవాలి. మధ్యలో తీసుకుంటే ఇలాగే చస్తుంది."

ఏదో కిర్రుమంది. ఇంటి పక్క గుమ్మం తలుపు ఓ బెత్తెడు తెరుచుకుంది. ఆ చీకట్లోంచి బెరుగ్గా ఒక గొంతు —

"ఇంకొక్కసారి పాడి చూపిస్తారా... బావగారూ?"

ఫోను వెలుగు పడింది. దాని వెనకాల జుట్టునిండా బూజు, భుజాల మీద రాలిన సున్నం. తాళాలాయన!

మామయ్యకి పోయిన ప్రాణం కోపంగా తిరిగొచ్చింది. "ఆ పిలుపు పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాను! ఇక్కడేం చేస్తున్నావు నువ్వు? తాళం వేసుంటే లోపలికెలా దూరావు?"

తాళాలాయన కొంచెం నొచ్చుకున్నాడు. "నేను చేసేది తాళాల పనే కదండీ."

ఆయన చేతిలో మడతలు పడి నలిగిన కాగితం. మామయ్య లాక్కుని ఫోను వెలుగులో చూశాడు. కూతురి రాత. నాలుగు చరణాలూ గుండ్రంగా రాసి, ఎక్కడ సాగదియ్యాలో అక్కడ గీతలు కూడా గీసింది.

"పదిరోజుల నుంచి ఇక్కడికొచ్చి నేర్చుకుంటున్నానండీ. ఇంట్లో పాడితే మా అమ్మ ఊరుకోదు. మీ పాట మా గడప లోపల వినబడితే ఇల్లొదిలి పోతానంది."

"అసలు నీకెందుకయ్యా మా పాట?"

తాళాలాయన నేల వైపు చూస్తూ, "మీరు రానన్నారు కదండీ," అన్నాడు. "పిల్ల పైకి ఏమీ అనదు. కానీ ఈ కాగితం రాసిస్తూ రెండుసార్లు లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. దీవెన లేకుండా మా ఇంట్లో అడుగుపెట్టడం దానికి మనసులో లోటే కదా. ఎవరో ఒకరు పాడాలి. నాకా ఆడపిల్లలు లేరు... సరిగ్గా రాకపోయినా నేనే చెయ్యి పెట్టి పాడదామనుకున్నానండీ."

ఆ క్షణాన దెయ్యమే నయమనిపించిందట మామయ్యకి. దెయ్యమైతే పారిపోవచ్చు. ఈ మనిషి ముందునుంచి ఎక్కడికని పారిపోతాడు? సిగ్గుతో చచ్చిపోయాడు. తన పిల్ల తల మీద ఇంకో మనిషి చెయ్యి పెట్టి, అపస్వరంలో దీవిస్తూ ఉండటం కళ్ళకి కట్టింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఏది ముందొచ్చిందో ఇప్పటికీ చెప్పలేడు.

"నడు," అన్నాడు.

"ఎక్కడికండీ?"

"మా ఇంటికి. ఆ తలుపు సరిగ్గా వెయ్యి."

తలుపు తీసిన అత్తయ్య, మొగుడి వెనకాల తెల్లగా బూజుపట్టి నిలబడ్డ ఆకారాన్ని చూసి వీధి వీధంతా లేచేలా కేకపెట్టింది. సగం మడిచిన బట్ట చేతిలో పట్టుకుని కూతురు పరిగెత్తుకొచ్చింది.

మామయ్య కూతురి మొహంలోకి చూడలేకపోయాడు. గోడకి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఈయన పాడితే రేపు పెళ్ళికొచ్చినవాళ్ళు లేచిపోతారు. నేనే పాడతాను. పదింటికేగా?"

"తొమ్మిదిన్నరకే రమ్మన్నారు నాన్నా..."

ఆ పిల్ల అనగలిగింది అంతే. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి, మొహం మోకాళ్ళలో పెట్టుకుని, ఇన్నాళ్ళదీ కలిపి ఒక్కసారే ఏడ్చేసింది. మామయ్య కూడా పక్కనే చతికిలబడ్డాడు.

"హమ్మయ్య," అంది అత్తయ్య, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ఇన్నాళ్ళకి వదిలింది ఈయనకి పట్టిన దెయ్యం."

గుమ్మం బయటే నిలబడిపోయిన తాళాలాయనకి లోపలికి రావాలో, ఇంటికి పోవాలో తోచలేదు. గొంతు సవరించుకుని, "మూడో చరణం నాకు వచ్చేసిందమ్మా," అన్నాడు మెల్లగా.

"రాలేదు," అన్నాడు మామయ్య.