అన్నం అయిందని చెప్పే లైటు

సూరత్‌లో ఇల్లు ఎలా వెతకాలని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే చెబుతాను. ఇల్లు చూపించేవాడి మాట నమ్మకండి. బస్‌స్టాప్‌లో దిగి మీ కాళ్లతో మీరు నడిచి చూసుకోండి. "దగ్గర్నే వదినె, గిట్ల దిగి గట్ల పోవుడే" అని మా మల్లేష్ చూపించిన ఇళ్లలో ఒకదానికి నడిచేసరికి నా చెప్పు తెగింది. ఇంకొకదానికి బస్సు ఉంది కానీ అది ఎప్పుడొస్తుందో డ్రైవరుకి కూడా తెలియదు. మూడో ఇంట్లో అన్నీ బాగున్నాయి, కిరాయి వినగానే ఇంటాయనకి నమస్కారం పెట్టి మెట్లు దిగాను.

మల్లేష్ మా సిరిసిల్ల వైపువాడే. ఇక్కడే సూరత్‌లోని భేస్తాన్‌లో పాన్‌డబ్బా నడుపుతూ మనవాళ్లకి ఇళ్లు చూపిస్తుంటాడు. తిరిగి తిరిగి ఒకరోజు విసుక్కున్నాడు.

"నీకు ఏం గావాలె వదినె? మహల్ గావాల్నా?"

"బస్సు దిగినంక పట్టాలు దాటకుండ ఇల్లు రావాలె. కిరాయి నేను కట్టేటట్టు ఉండాలె. గంతే," అన్నాను.

మల్లేష్ తల ఊపి, ఫోన్ తీసి ఇంకో ఇంటాయనకి చేశాడు. రైలు పట్టాల మీది నుంచి మా ఆయనను ఎత్తుకొచ్చిన నలుగురిలో వాడూ ఒకడు.

మా ఆయన పేరు సోమలింగం. మీసం రాకముందే సాంచెల మీద నిలబడ్డాడు. సాంచెలంటే మరమగ్గాలు. వందల సాంచెలు ఒక్కసారి కొట్టుకునే రేకుల షెడ్డులో అన్నేళ్లు నిలబడితే చెవులు మిగలవు. మా వాడలో మగవాళ్లందరిదీ అదే కథ, కొందరికి కాస్త తక్కువ, కొందరికి పూర్తిగా. కార్ఖానా పట్టాలకి అవతల, మా గది ఇవతల. వంతెన చాలా దూరం. ఆ వైపు బస్సు లేదు. అందరూ పట్టాలు దాటే వచ్చేవారు. ఆ రోజు రైలు చాలాసేపు కూత పెట్టిందట. ఊరందరికీ వినబడింది, ఆయనకు తప్ప.

ఆ పట్టాల మీద పోయింది ఆయనొక్కడే కాదు. పక్కింటి దశరథం అంతకు ముందే పోయాడు. వాళ్ల ఇంటివాళ్లు సామాను సర్దుకుని ఊరెళ్లిపోయారు. ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల ఇళ్లూ అలాగే ఖాళీ అయ్యాయి. నేను మాత్రం వెళ్లలేదు. మా కూతురు రుచిత ఇక్కడ కాలేజీలో చేరింది, సాయంత్రం కంప్యూటర్ క్లాసుకి కూడా వెళ్తోంది. దాన్ని చదువు మాన్పించి తీసుకుపోవడం నావల్ల కాదు. రోజూ అవే పట్టాలు దాటించడం అంతకన్నా కాదు. అందుకే ఇల్లు.

చివరికి దొరికింది. రెండో అంతస్తు, ఒక గది, వంటిల్లు, రోడ్డు మీదికి చిన్న బాల్కనీ. ఎదురుగానే బస్‌స్టాప్. కూరగాయలు, మందుల షాపు, పిండిమర అన్నీ నడిచి వెళ్లేంతలోనే. సలాబత్‌పురా బజారులో చీరల కట్ట తీసుకుని బస్సెక్కితే ఇంటి ముందే దిగొచ్చు. నేను ఆ చీరలకి రాళ్లు అంటించే పని చేస్తాను. కిరాయి కూడా తక్కువే. ఎందుకని అడిగాను.

"రోడ్డు మీద బస్సుల చప్పుడంట, ఎవరూ ఉండలేకపోతున్నరంట," అన్నాడు మల్లేష్.

చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం. చప్పుడుకి భయపడేది మేమా?

ఇక్కడ మా వాడ అలవాటు ఒకటి చెప్పాలి. చెవులు లేని మనిషిని పేరు పెట్టి పిలిచి ఏం లాభం? అందుకని మా ఇళ్లలో మగవాళ్లని లైటుతో పిలుస్తాం. వాకిలి లైటు టకటకా ఆర్పి వెలిగిస్తే, అన్నం అయింది, రమ్మని. లైటు ఆర్పేసి అలాగే చీకటిగా ఉంచితే, ఇప్పుడు రావద్దని. రుచిత చంటిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని నిద్రపుచ్చి లైటు ఆర్పేసేదాన్ని. తన చప్పుడు తనకు వినబడదు కాబట్టి ఆయన తలుపు దబ్బున వేస్తాడు, పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. పాపం, ఆయన చీకటి చూసి, టిఫిన్ సంచీ ఒళ్లో పెట్టుకుని వాకిలి బయట కూర్చునేవాడు. నేను మళ్లీ లైటు వేసేదాకా లేచేవాడు కాదు.

కొత్తింట్లో ఆ అలవాటు నా చేతికి మళ్లీ వచ్చింది. రుచిత బస్సు దిగడం బాల్కనీలోంచి కనబడేది. లైటు టకటకలాడించేదాన్ని. అది తలెత్తి నవ్వేది.

"నాకు చెవులు మంచిగనే ఉన్నయమ్మా. ఫోన్ జేస్తే ఐపాయె గద," అనేది పైకొచ్చి.

"ఫోన్‌ల నీ నవ్వు కనబడదు గద," అనేదాన్ని.

ఆ కొన్ని రోజులు నేను సుఖంగా ఉన్నాను. ఆ మాట దాచుకోవడమెందుకు?

ఒకరోజు పొద్దున్నుంచీ వాన. సాయంత్రం రుచిత క్లాసుకి వెళ్లలేదు, మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. నేను గంజి వార్చి, గిన్నె దించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బాల్కనీ దగ్గరికెళ్లి లైటు టకటకలాడించాను.

"ఎవర్ని పిలుస్తున్నవమ్మా? నేను ఇంట్లనే ఉన్న గద," అంది రుచిత వెనక నుంచి.

నా చెయ్యి స్విచ్చు మీదే ఆగిపోయింది. కార్ఖానాలో పొద్దు పాళీ, అంటే పగటి షిఫ్టు, విడిచే వేళ అది. ఎన్నేళ్లుగానో ఆ వేళకి ఆ పని చేసిన చెయ్యి, నన్ను అడగకుండానే చేసేసింది.

కిందికి చూశాను. స్టాప్‌లో బస్సు లేదు. ఒక మనిషి ఉన్నాడు.

వానలో గొడుగు లేకుండా నిలబడ్డాడు. నీలం గళ్ల చొక్కా. ఎడమ భుజం కాస్త కిందికి ఒరిగి ఉంది. మోచేతికి టిఫిన్ సంచీ. తల పైకెత్తి మా లైటు కేసే చూస్తున్నాడు. ఆ చొక్కా ఆసుపత్రివాళ్లు కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. అది నా పెట్టెలో అడుగున ఉంది.

నేను కేక పెట్టలేదు. భయం కూడా వేయలేదు. ఇంటికి రావలసినవాడు రాకుండా పోతే మిగిలినవాళ్లకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడొచ్చాడు. అన్నం వేడిగా ఉంది. నేను మళ్లీ లైటు టకటకలాడించాను.

ఆయన రోడ్డు మీదికి అడుగు వేశాడు.

ఆయన వెనక ఇంకొకరు కనబడ్డారు. పక్కింటి దశరథం. అతని వెనక మరొకరు... ఆ వెనక ఇంకా ఎవరో... అందరి జుట్టు మీదా దారం పీచు. అందరూ తలలెత్తి మా లైటునే చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది నాకు. అందరూ పట్టాల మీద పోయినవాళ్లే, వాళ్ల ఇంటివాళ్లంతా ఊళ్లకి వెళ్లిపోయారు. వాళ్లని పిలిచే లైటు ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు.

లైటు ఆర్పేశాను. చీకటిగా ఉంచాను. ఇప్పుడు రావద్దు.

ఆయన ఆగాడు. ఎప్పటిలాగే, రోడ్డు పక్క రాతి మీద కూర్చుని టిఫిన్ సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

మిగతావాళ్లు ఆగలేదు, ఎన్నాళ్లకో దొరికిన పిలుపును వదులుకోలేనట్టు. ఆయన్ని దాటుకుని గేటు వైపు వచ్చారు.

కాసేపటికి మెట్ల మీద అడుగులు. తడి చెప్పులు. దబ్... దబ్... దబ్... తమ చప్పుడు తమకు వినబడనివాళ్ల అడుగులు. తలుపు సందులోంచి మిషను నూనె వాసన, తడిసిన దారం వాసన.

"ఎవరమ్మా?" గొణిగింది రుచిత.

"మాట్లాడకు."

వాళ్లకు వినబడదని తెలిసి కూడా గుసగుసగానే అన్నాను. గదిలో లైటు ఆర్పాను. వంటింట్లో ఆర్పాను. రుచిత ఫోను లాక్కుని బోర్లా పెట్టాను. చీకట్లో దాన్ని దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. తలుపు అవతల ఎవరో చాలాసేపు నిలబడ్డారు. తట్టలేదు. వెలుగు కోసం చూస్తున్నారు... తలుపు కింద సందులో ఏదో కదిలింది... ఆగింది.

అడుగులు దిగిపోయాయి. నేను బాల్కనీలోకి వెళ్లి చూసేసరికి రాతి మీద ఆయన కూడా లేడు.

పొద్దున తలుపు తీస్తే గడప మీద తడిసిన పీచు ముద్ద. రుచిత లేవకముందే ఊడ్చేశాను. పైవాళ్ల చుట్టాలు ఇల్లు తప్పి వచ్చారని దానికి చెప్పాను. అది నమ్మినట్టే కనబడింది. బాల్కనీ స్విచ్చు కదలకుండా దాని మీద టేపు అంటించాను. ఇంత వెతికి తెచ్చుకున్న ఇల్లు, పిల్ల బస్సు దిగి క్షేమంగా చేరే ఇల్లు, దీన్ని వదులుకోలేను. ఇక ఈ జన్మలో లైటుతో ఎవరినీ పిలవను, అంతే కదా, సరిపోతుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, నేనే స్టాప్‌కెళ్లి నిలబడ్డాను. బస్సొచ్చింది. రుచిత దిగింది. దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటబోతూ అలవాటుగా ఇద్దరం తలెత్తాం.

మా బాల్కనీ లైటు వెలిగి ఉంది.

టకటకా ఆరి వెలిగింది.

"అమ్మా... ఇంట్ల ఎవరున్నరు?"

నేను బొడ్లో తాళంచెవి తడిమి చూసుకున్నాను.

"అన్నం అయిందంటున్నరు," అంది రుచిత మెల్లగా. చిన్నప్పటి నుంచి చూసిన పిలుపు. దాని కాలు అప్పుడే ముందుకు పడింది. నేను చెయ్యి గట్టిగా లాగాను.

లైటు మళ్లీ టకటకలాడింది. తరువాత ఆరిపోయి, చాలాసేపు చీకటిగా ఉంది.

ఆ చీకటి ఎవరిదో నాకు తెలుసు. పాప పడుకుంది, జరసేపు బయటనే ఉండు. ఆ పాప నా భుజం దాటి ఎదిగి నా పక్కనే నిలబడి ఉంది.

మళ్లీ టకటక. మళ్లీ చీకటి. టకటక... చీకటి... ఒకే స్విచ్చు మీద చాలా చేతులు పడుతున్నట్టు, వాటి మధ్య ఒక్క చెయ్యి అడ్డం పెట్టినట్టు. చివరికి చీకటి నిలిచింది. ఎంతసేపు చూసినా లైటు వెలగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. బతికి ఉన్నన్నాళ్లూ ఆ మనిషి నేను రావద్దంటే వాకిలి బయటే కూర్చున్నాడు. ఇప్పుడు నన్ను రావద్దంటున్నాడు.

"పోదాం పా. మల్లేష్ బాబాయి ఇంటికి పోదాం," అన్నాను.

రుచిత కదల్లేదు. పైకే చూస్తోంది.

మా కింది అంతస్తు గుజరాతీవాళ్లది. వాళ్లకు మా అలవాటు తెలియదు. వాళ్ల బాల్కనీ లైటు టకటకా ఆరి వెలిగింది. తరువాత ఆ పక్కింటిది. తరువాత మా పైఇంటిది...

రావద్దనే ఆయన చెయ్యి ఒక్క స్విచ్చు మీదే కదా ఉంటుంది.