మామ ఎంచిన మానిటర్

వాడే చేతులు ఒకరివైనప్పుడు, పనిముట్టును ఎంచే అధికారం మరొకరికి ఎవరిచ్చారు? నాందేడ్‌లో అనంతరాములు ఇంట ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అడిగిన దాఖలా కూడా లేదు.

ఆ ఉదయం పనులన్నీ యథావిధిగానే సాగుతున్నాయి. కొడుకు నాగేష్ నాయ్‌గావ్ బస్సుకు వెళ్లిపోయాడు. లక్ష్మీబాయి జొన్నరొట్టెలు చేస్తోంది. కోడలు ప్రవీణ ముందుగదిలో కురచ కుర్చీలో కూర్చుని, మెడ ఎత్తి, కంప్యూటర్‌లో పెళ్లిపత్రికకు అంచు దిద్దుతోంది. ప్రెస్సు నుంచి వచ్చే ఆ పని ఆమె పెళ్లికి ముందే నేర్చుకున్న విద్య. మెడ ఎందుకు ఎత్తాలంటే, మానిటర్ షోకేసు పైఅరలో ఉంది. అక్కడుంటేనే గుమ్మంలోకి వచ్చినవారికి కనిపిస్తుందని అనంతరాములు నిర్ణయం.

అసలు ఆ మానిటర్ కూడా ఆయన నిర్ణయమే. 2006 వేసవిలో కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లినప్పుడు, ఉన్న డబ్బుకు రెండే దారులు కనిపించాయి. వాడిన పెద్ద డబ్బా మానిటర్ ఒకటి, కొత్తగా వచ్చిన పలుచని ఎల్సీడీ మరొకటి.

“మామా, ఈ పల్చటిది కిందికెల్లి సూస్తే ఓ రంగు, నిలవడి సూస్తే ఓ రంగు కనవడ్తంది. ఆ డబ్బాది ఎటు సూసినా మారది. నా పనికి అదే మంచిగుంటది,” అంది ప్రవీణ.

“రైల్వేల గార్డు పని జేసినోన్ని. ఎర్రజెండా ఏదో, పచ్చజెండా ఏదో నాకు నేర్పుతవా? గా పాత డబ్బా ఇంట్ల పెడితే నలుగురు నవ్వరా?” అన్నాడు ఆయన.

నాగేష్ నేలవైపు చూశాడు. చదువుకున్న భర్తలకు ఇలాంటి వేళల్లో నేల చాలా ఆసక్తికరంగా ఉంటుంది.

ఎల్సీడీ ఇంటికి వచ్చింది. రంగు వేసినప్పుడల్లా ప్రవీణ లేచి నిలబడి సరిచూసుకునేది, మళ్లీ కూర్చునేది.

“ఏంది పిల్లా, బళ్లె పంతులు ఉఠాబషాలు తీయమన్నడా?” అని లక్ష్మీబాయి ఇరుగుపొరుగు ముందు నవ్వింది. గుంజీళ్ల మాట విని వాళ్లూ నవ్వారు. కొన్నాళ్లకు ప్రవీణ లేవడం మానుకుంది.

రొట్టెలు ఇంకా పూర్తికాకముందే కుండల్‌వాడి నుంచి రామచందర్ వచ్చాడు. వెంట ప్రెస్సు యజమాని విశ్వేశ్వర్ ఉన్నాడు. రామచందర్ చేతిలో కూతురి పెళ్లికి అచ్చయిన పత్రికల కట్ట.

“కుంకుమ రంగు జెప్పినం గదా చెల్లె. గిదేంది, ఉతికి ఉతికి ఎండేసిన చీర లెక్క? శుభకార్యానికి గిది ఎట్ల పంచాలె?”

“రంగు ఖాయం జేసింది నువ్వే ప్రవీణా,” అన్నాడు విశ్వేశ్వర్. “ఇగ నీకు పనెట్ల ఇయ్యాలె?”

అనంతరాములు షోకేసు ముందు నిలబడి, ఒక పత్రికను తెర పక్కన పెట్టాడు. రెండూ ఒకేలా వెలిసి ఉన్నాయి.

“సూడుండ్రి, తెర మీద గూడ గిట్లనే ఉంది. మా కోడలు దీన్నే కుంకుమ అనుకుంది. రైల్వేల అయితే రంగుల పరీక్షల్నే ఎల్లగొడ్తుండిరి. లోపం ఈమె కండ్లల్లనే ఉంది. ఇయ్యాల్టి నుంచి ఈ పని బంద్.”

పరాయివాళ్ల ముందు అన్న మాట అది. ప్రవీణ కుర్చీలోంచి లేచి పక్కకు జరిగింది.

“మామా, నేను కూసునే కాడ మీరు ఒక్కసారి కూసోండ్రి.”

తన మాట రుజువు చేయడానికే ఆయన కూర్చున్నాడు. తల ఎత్తాడు. తెరమీద చిక్కటి కుంకుమ. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లేచాడు, వెలిసిన ఎరుపు. కూర్చున్నాడు, కుంకుమ. మళ్లీ లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చిన లక్ష్మీబాయి, భర్త లేవడమూ కూర్చోవడమూ చూసింది. ఈసారి నవ్వు రాలేదు.

“నిలవడి సూసుకుంటుండె పిల్ల,” అంది మెల్లగా. “నేనే నవ్వి మాన్పించిన.”

అనంతరాములు ఆ కురచ కుర్చీలోనే ఉండిపోయాడు. లేస్తే ఎవరి ముఖం చూడాలో ఆయనకు తెలియలేదు.

“విశ్వేశ్వర్, పిల్ల కండ్లు మంచిగనే ఉన్నయి. దుకాన్లనే జెప్పింది, నేనే ఇన్లేదు. పత్రికలు నా ఖర్చుతోని మళ్ల కొట్టు. దాని పని మాత్రం ఆపకు.” కోడలివైపు తిరిగాడు. “బిడ్డా, నలుగుర్ల నీ కండ్లను అన్న. తప్పయింది.”

నింద పడినప్పుడు ఏడవని ప్రవీణ అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం ఎల్సీడీ దుకాణానికి తిరిగి వెళ్లింది. దానికి బదులు తెచ్చిన డబ్బా మానిటర్‌ను ఒళ్లో మోసుకుని అనంతరాములు రిక్షా దిగాడు. వీధివాళ్లు చూశారు. ఆయన గుమ్మంలో నిలబడి, “ఏడ పెట్టాలె?” అని కోడలిని అడిగాడు. ఆమె కుర్చీలో కూర్చుని, తన కంటి ఎత్తు ఎంతో చేత్తో చూపించింది.

చదివారు కదా. ఇప్పుడు లేవండి. మీ ఇంట్లో మీరు నిన్న తప్పుపట్టిన మనిషి ఎక్కడ కూర్చుంటుందో అక్కడ కూర్చోండి. ఆమెకు కనిపించేదేమిటో చూడండి. నోరు ఆ తర్వాత తెరవండి.