గోరువెచ్చని ట్యాంకు

ఉదయం ఏడు గంటలు. పైలట్ ప్లాంట్.

గడ్డిని చక్కెరగా మార్చే స్టీలు ట్యాంకు మీద సైంటిస్టు బోర్లా పడి ఉంది. తలా భుజాలూ మూత తీసిన కంతలోంచి లోపలికి వేలాడుతున్నాయి. కాళ్లు నిచ్చెన మెట్ల మీద.

ఒంటి మీద గాయం లేదు. పెనుగులాట జాడ లేదు.

ఫైర్ సిబ్బంది ట్యాంకులోకి గ్యాస్ మీటర్ దించారు. అది కీచుమంది.

"కార్బన్ డయాక్సైడ్ మేడమ్. నిండా ఉంది. లోపల తలపెట్టి రెండుసార్లు ఊపిరి పీలిస్తే మనిషి కూలిపోవాల్సిందే."

ఇన్‌స్పెక్టర్ ఇంజినీరు వైపు తిరిగింది. శవాన్ని మొదట చూసింది అతనే. గోడకు జారబడి నిలబడ్డాడు.

"ఈ ట్యాంకులో ఏం చేస్తారు?"

"ఉడికించిన గడ్డి పోసి ఎంజైమ్ కలుపుతాం. అది గడ్డిని కోసి చక్కెర చేస్తుంది. ఆ ఎంజైమ్ ఆవిడ తయారుచేసిందే."

"ఈ గ్యాస్ దాని వల్ల వచ్చిందా?"

"రాదు మేడమ్. ఎంజైమ్ కత్తెర లాంటిది. దానికి ప్రాణమూ లేదు, ఊపిరీ లేదు."

"అయితే ఊపిరి ఉన్నదేదో లోపలుంది. శాంపిల్ ల్యాబ్‌కి పంపండి."

ప్లాంటుకి ఇవాళే పరీక్ష. తగినంత చక్కెర వస్తే, దూరాన కడుతున్న పెద్ద ఫ్యాక్టరీకి సైంటిస్టే హెడ్. రాకపోతే ప్రాజెక్టుకి నీళ్లొదులుకోవడమే.

"ఆవిడ లేకపోతే ఆ కుర్చీ ఎవరిది?"

ఇంజినీరు తల దించుకున్నాడు. "నాదే."

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"మా పాప స్కూల్లో నాటకం. అక్కణ్ణుంచి ఇంటికే. మా ఇంట్లో చుట్టాలున్నారు, అడగండి."

అడిగారు. నిజమే.

వాచ్‌మన్‌ని పిలిచారు.

"నిన్న బయటివాళ్లెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదమ్మా."

"ఎవ్వరూ?"

"సైంటిస్టమ్మ అన్నగారు, బేకరీ ఆయన, తిండి తెచ్చారు. అది రోజూ ఉండేదే. చెల్లెలు కడుపు మాడ్చుకుని పనిచేస్తుందని ఆయన బెంగ. ఆయన్ని కూడా బయటివాళ్ల లెక్కలో వేస్తే ఎట్లాగమ్మా?"

ఇన్‌స్పెక్టర్ ట్యాంకు వెనక్కి వెళ్లింది. హీటర్ ప్యానెల్ దగ్గర ఆగింది.

"ఇది ఎంత ఉండాలి?"

"యాభై డిగ్రీలు," అన్నాడు ఇంజినీరు.

"ముప్పై రెండుంది."

"పాడైపోయుంటుంది."

"పాడవలేదు. నాబ్‌నే ఎవరో అక్కడికి తిప్పి పెట్టారు."

మధ్యాహ్నానికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ప్లాంటు ఆఫీసు గదిలో ఇంజినీరూ వాచ్‌మనూ ఒకవైపు. ఎదురుగా అన్నగారు. యాభై దాటిన మనిషి. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని పెంచింది ఆయనే. చొక్కా చేతుల మీద ఇంకా పిండి ఉంది.

"ట్యాంకులో యీస్ట్ దొరికింది," అంది ఇన్‌స్పెక్టర్. "చక్కెరని తిని గ్యాస్ వదిలింది అదే. నురగ పొంగడం చూసి, ఏమైందోనని ఆవిడ మూత తీసి వంగింది."



"అందరూ హీటర్ పాడైందనుకున్నారు. పని చెడగొట్టాలనుకున్నవాడు హీటర్ ఆపేస్తాడు. లేదా పూర్తిగా పెంచేస్తాడు. గోరువెచ్చగా ఎవరు పెడతారు? యాభైలో యీస్ట్ చచ్చిపోతుందని తెలిసినవాళ్లు. పిండి పొంగాలంటే ఎంత వేడి కావాలో రోజూ చేత్తో చూసుకునేవాళ్లు."

అన్నగారు తలెత్తాడు.

"నేనేనమ్మా. అది ఆఫీసులో తింటుంటే వెళ్తున్నానని చెప్పి, ఇటొచ్చి కలిపాను."

"ఎందుకు?"

"చక్కెరంతా పోతే పరీక్ష తప్పుతుందనుకున్నా. తప్పితే ఇక్కడే ఉంటుందనుకున్నా. గ్యాస్ సంగతి నా బుర్రకి తట్టలేదు. బేకరీలో కిటికీలన్నీ తెరిచే ఉంటాయి."

"వెళ్లొద్దని అడగొచ్చుగా?"

"అడిగితే ఆగిపోయేదమ్మా. మా పిచ్చుక నా మాట ఎప్పుడూ కాదనలేదు. అందుకే అడగలేదు." చొక్కా చేతుల మీది పిండి దులుపుకున్నాడు. "నా వల్ల దాని బతుకు ఆగిపోయిందన్న మాట నాకొద్దనుకున్నా. పనే చెడితే తప్పు ఎవరిదీ కాదు కదా... ఇంకోటి మొదలుపెట్టుకునేది. అట్లా అనుకున్నా."

వాచ్‌మన్ కళ్లు తుడుచుకున్నాడు.

ఇంజినీరు చాలాసేపటి నుంచి ఏదో చెప్పాలని తటపటాయిస్తున్నాడు. చివరికి నోరు విప్పాడు.

"మేడమ్, చక్కెర లేకపోయినా లెక్క పోదు. యీస్ట్ దాన్ని ఆల్కహాల్ చేస్తుంది. ఆల్కహాల్ కొలిస్తే ఎంత చక్కెర పుట్టిందో తెలిసిపోతుంది. ఇందాక కొలిచాను. గడ్డి దాదాపు అంతా కరిగింది. మేం అనుకున్నదానికన్నా ఎక్కువే."

అన్నగారికి అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూశాడు.

"అంటే?"

 ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమె ఎన్నో నేరాలు ఒప్పించింది. ఈ ఒక్క జవాబు చెప్పడం కష్టమైంది.

"మీ చెల్లెలు పరీక్ష నెగ్గింది."

"నెగ్గిందా?"

"నెగ్గింది."

ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. చిన్నప్పుడు చెల్లెలు బడి నుంచి మార్కులు తెచ్చినప్పుడు ఎంత సంబరపడ్డాడో, అంతే సంబరం.

"దానికి చెప్పాలి," అంటూ లేచాడు.

రెండడుగులు వేశాడు. తలుపు దగ్గర ఆగిపోయాడు. ఇన్‌స్పెక్టర్ వెళ్లి ఆయన్ని పట్టుకుంది. బేడీలు జేబులోంచి తీయలేదు.