మడ్డి లేని సీసా

ఉమాపతి నెత్తురోడుతూ పడి ఉన్నాడు. చుట్టూ గాజు పెంకులు. నేలంతా ఎర్రటి వైన్.

పాత పోర్ట్ వైన్ సీసాలు సేకరించడం ఆయన పిచ్చి. ఇంట్లో ఒక గది నిండా అవే. మదనపల్లెలో ఆ గది సంగతి తెలియనివాళ్లు లేరు. పెంకు మీది లేబుల్ అన్నిటిలోకీ అపురూపమైన సీసాది, 1927 నాటిది. హార్స్లీ హిల్స్‌లో దొరల బంగళా సామాను వేలం వేసినప్పుడు వాళ్ల నాన్న దాన్ని కొన్నాడు.

ఆస్పత్రిలో కుట్లు పడుతుండగానే సీఐ వాణికి స్టేట్‌మెంట్ ఇచ్చాడు.

"మా తమ్ముడు మునికృష్ణ. ఆ సీసాతోనే నా తల పగలగొట్టినాడు మేడమ్. నన్ను సంపాలనే వచ్చినాడు."

అన్నదమ్ముల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తండ్రి పోయాక సీసాలూ ఇల్లూ అన్న ఉంచుకున్నాడు. తమ్ముడికి సదుం దగ్గర నీళ్లు పడని మెట్ట వదిలాడు. ఆ పొద్దున మునికృష్ణ పుంగనూరు నుంచి వచ్చి గొడవపడిన మాట నిజమే. తోటలో ఉన్న వాచ్‌మన్ కుప్పుస్వామి అరుపులు విన్నాడు. బైకెక్కి పోవడం చూశాడు. నీళ్ల మోటరు మోతలో సీసా పగిలిన చప్పుడు మాత్రం వినపడలేదన్నాడు.

హత్యాయత్నం కేసు. మధ్యాహ్నానికల్లా మునికృష్ణ స్టేషన్లో ఉన్నాడు.

అతను బతిమాలలేదు.

"పంపకాలు మాట్లాడదాం రమ్మని పిలిచింది వాడే. వచ్చినాక నోటికొచ్చినట్టు తిట్టినాడు. కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాడు సచ్చినా నేను ఏడ్వను మేడమ్. అది కూడా రాసుకోండి."

ఇంత పగ ఉన్నవాడు అబద్ధమాడితే కాస్తయినా దాచుకుంటాడు కదా అనుకుంది వాణి. మళ్లీ ఆ గదికి వెళ్లింది.

అరల్లో సీసాలన్నీ అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒకదాని వెనక టార్చ్ వేసింది. కిందివైపు గాజుకు నల్లటి మడ్డి, పొరలా అతుక్కుని ఉంది. ఇంకో సీసా. అదే మడ్డి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న వైన్ అలాగే పేరుకుంటుంది.

ఎవిడెన్స్ కవర్ తెరిచి, పగిలిన పెంకులను ఒక్కొక్కటే వెలుగులో తిప్పింది.

కడిగిన గ్లాసుల్లా ఉన్నాయి.

ఉమాపతి భార్య ప్రసన్నలక్ష్మి వసారాలో కూర్చుని ఉంది. మీ ఆయన ఈమధ్య ఎక్కడికైనా వెళ్లాడా అని వాణి అడిగింది. ఆవిడ కొంగు అంచు మడతపెడుతూ చెప్పింది.

"కుప్పంలో మా అమ్మగారింటికి. పెండ్లయినప్పట్నుంచి పండక్కి పిలిచినా రానోడు, నిన్న తనంతట తనే పోయొచ్చినాడమ్మా."

మరునాడు వాణి అందరినీ ఆ గదిలో కూర్చోబెట్టింది. తలకు కట్టుతో ఉమాపతి కుర్చీలో. మునికృష్ణ గోడవార. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

కానిస్టేబుల్ జయచంద్ర తువ్వాలులో చుట్టిన సీసా తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. కుప్పంలో రాగుల బస్తాల వెనక దొరికింది.

"నిలబెట్టొద్దప్పా," అన్నాడు ఉమాపతి చప్పున. "పడుకోబెట్టు."

అన్నాక నోరు మూసుకున్నాడు. ఆలస్యమైపోయింది.

"ఇదీ అసలు సీసా," అంది వాణి. "ఇదిగో మడ్డి. వైన్ ఒలికిపోయినా ఇది గాజును అంత తేలిగ్గా వదలదు. నేల మీది పెంకుల్లో రవ్వంత లేదు. అదే లేబుల్ ఉన్న ఖాళీ సీసాలో కొత్త పోర్ట్ పోశారు. తమ్ముణ్ని పిలిచి రెచ్చగొట్టారు. అతను వెళ్లాక మీ తల మీరే పగలగొట్టుకున్నారు."

ఉమాపతి చూపు సీసా మీదే ఉంది.

"దీన్నే పగలగొట్టి ఉంటే మీ మాటే నమ్మేదాన్ని. మీ తమ్ముడు ఏళ్లకేళ్లు జైల్లో ఉండేవాడు. ఎందుకు పగలగొట్టలేదు?"

"ఇంతటి దాన్ని యెట్లా పగలగొట్టేది మేడమ్?"

నిజంగానే అడిగాడు.

మునికృష్ణ అన్నవైపు చూశాడు. ఆ తర్వాత సీసావైపు చూశాడు. గడప దాటి, చెప్పులు తొడుక్కుని ఎండలోకి నడిచాడు.