ముప్పై ఒకటో సంతకం

"ఐ యామ్ డయింగ్ ఫర్ ఎ క్రీమ్ బన్," అన్నాడతను, కౌంటర్ ముందు నిటారుగా నిలబడి.

బేకరీ అమ్మాయి ఎగాదిగా చూసింది. "చచ్చిపోయేవాళ్ళు ఇలా ఇస్త్రీ చొక్కాలో వస్తారా?"

అతను కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ గులాబీరంగు మైనం. కొత్తగా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాడు. రోజుకో వాక్యం, అన్నీ తిండిమీద ప్రాణం కొట్టుకునేటప్పుడు అనే మాటలే. పరాయి మనిషితో ఆ మాట అనాలి, వాళ్ళు కాగితం మీద "నమ్మాను" అని సంతకం పెట్టాలి. అదీ మాస్టారి పద్ధతి.

ఆ అమ్మాయి ఊరికే సంతకాలు పెట్టే రకం కాదు.

"మీ మొహంలో ఆకలి లేదండీ. మళ్ళీ అనండి."

నాలుగోసారికి వెనకున్న క్యూ అంతా బతిమాలింది. "పెట్టెయ్యమ్మా, పాపం! మా బ్రెడ్డు చల్లారిపోతోంది."

మర్నాడు, "ఐ కుడ్ మర్డర్ ఎ కేక్."

"కేకేం చేసింది మీకు? మనమైతే ప్రాణం లాగేస్తోంది అంటాం. ఒకరి జోలికి పోం."

"అది బావుందండీ."

"అది మీ సిలబస్‌లో లేదు. తినండి ముందు."

అలా ముప్పై సంతకాలయ్యాయి. తీపంటేనే పడనివాడికి నడుం రెండంగుళాలు పెరిగింది. వాక్యాలు మాత్రం రానురానూ విడ్డూరంగా తయారయ్యాయి. ఒక్క బిస్కెట్ కోసం మా పెద్దమ్మను అమ్మేస్తానని ఒకరోజు ఇంగ్లీషులో అన్నాడు. అది కూడా మాస్టారు చెప్పిందేనట.

ఆ మాస్టారే ఓ పొద్దున బ్రెడ్డుకొచ్చారు.

"ఏం మాస్టారూ, పెద్దమ్మల్ని అమ్మడం కూడా నేర్పిస్తున్నారా?"

ఆయన తెల్లబోయారు. "నేను చెప్పింది ఆరు వాక్యాలేనమ్మా. క్లాసయిపోయి నెల కావస్తోంది."

సాయంత్రం అతను రాగానే ఆమె చెయ్యి చాపింది. "కాగితం. మిగతా ఇరవై నాలుగూ ఎవరు రాశారు?"

అతని మొహం పాలిపోయింది. "నేనే."

"ఎందుకు?"

"ఇంకేం వంక చెప్పి రమ్మంటారు? నాకు తీపి పడదు."

క్యూలో అందరూ మెడలు సాచారు.

"ఇవాళ్టి వాక్యం?"

"దారంతా ఆలోచించానండీ, తట్టలేదు." తల వంచుకున్నాడు. "ఆదివారం మీ కొట్టు మూసుంటుంది కదా. ఈ షట్టర్ ముందు కాసేపు నిలబడి పోతుంటాను. ప్రాణం లాగేస్తుంది."

ఆమె ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. మళ్ళీ అనమనలేదు. పెన్ను తీసి, "నమ్మాను" అని రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత గానీ సిగ్గు ముంచుకు రాలేదు.

"నాన్నా!"

పొయ్యి దగ్గర్నుంచి అన్నీ వింటూనే ఉన్న తండ్రి, పిండి చేతులతో వచ్చి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"ఈ పళ్ళు చేసిందెవరనుకున్నావే? ఇతనే. నాలుగు నెలలుగా రస్కులు కొరుకుతున్నా, ఒక్కటి కదిలితే ఒట్టు! మాట ఎలా ఉన్నా, పని గట్టిది."

కూతురి సంతకం పక్కనే పిండి వేలిముద్ర వేశాడు.

"ఇక బన్నులు ఆపెయ్, అల్లుడూ. పెళ్ళి చొక్కా పట్టాలిగా!"