తిరగబడ్డ చొక్కాలు

"ఈ బొమ్మల్లో చొక్కాలు ఎవరైనా తొడుక్కున్నవేనా?" అని లాండ్రీ అమ్మాయి మొదటిరోజే అడిగింది.

ఇంజనీరుకి ఒళ్లు మండింది. రోబోకి బట్టలు మడతపెట్టడం నేర్పాలని అతను కంప్యూటర్లో లక్ష చొక్కాల బొమ్మలు తయారుచేశాడు. ఏం లాభం? అసలు చొక్కా చేతికిస్తే రోబో బిక్కమొహం వేసేది. అందుకే బట్టల సంగతి బాగా తెలిసిన ఈ అమ్మాయిని కంపెనీవాళ్లు పిలిపించారు. రోబో నేర్చుకునేదాకానే ఆమెకిక్కడ పని.

"సాగిన కాలరేది? మోచేతి దగ్గర ముడతలేవి? అన్నీ పెళ్లికొడుకు బట్టల్లా ఉన్నాయి!"

అతను ఉక్రోషంగానే అవన్నీ బొమ్మల్లో కలిపాడు. రోబో దారిలో పడింది. నెల తిరిగేసరికి ఆ ఉక్రోషం ఎటు పోయిందో గానీ, పొద్దున్నే తలుపు వైపు చూడటం అతనికి అలవాటైపోయింది.

ఇప్పుడు రోబో అన్నీ మడతపెడుతోంది, లోపలివైపు బయటికి తిరగబడ్డ చొక్కా తప్ప. చొక్కా చెయ్యి లోపలికి పోయిందంటే చాలు, దాన్ని ఉండచుట్టి పడేస్తోంది. ఆమె వారంపాటు ఓపిగ్గా చూపించింది. చివరికి డీలాపడిపోయింది.

"ఓసారి ఆ బొమ్మలు చూపించండి."

ఎంత వెతికినా తిరగబడ్డ చొక్కా ఒక్కటీ లేదు.

"మర్చిపోయారా?"

అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "లేదండీ. కావాలనే పెట్టలేదు. అది కూడా నేర్చుకుంటే మీరు వెళ్లిపోతారు కదా."

ఆమె మొహం ఎర్రబడింది. "నాకే చెప్పడం చేతకావట్లేదని వారంగా కుమిలిపోతున్నాను! నేనుండాలనుకుంటే నన్నడగాలి. దాని చదువు చెడగొడతారా?"

విసురుగా వెళ్లిపోయింది. అతనికి తలెత్తబుద్ధి కాలేదు. మేనేజరుకి తప్పు ఒప్పుకుని చివాట్లు తిన్నాడు. తిరగబడ్డ చొక్కాల బొమ్మలు వేలకొద్దీ చేర్చాడు. ఆమె మళ్లీ వచ్చింది గానీ, రోబోతో తప్ప అతనితో మాట్లాడలేదు.

నాలుగోరోజు రోబో, చొక్కా లోపలికి పోయిన చెయ్యిని బయటికి లాగి, దాన్ని పొందిగ్గా మడతపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బ్యాగు తీసుకుని బయల్దేరింది. బయట వాన పట్టుకోవడంతో గుమ్మంలో ఆగింది.

అతను పరుగున వచ్చాడు. "మీ పని అయిపోయింది. అందుకే ఇప్పుడడుగుతున్నాను. మీరంటే నాకిష్టం. నాతో ఉంటారా?"

ఆమె బ్యాగు భుజానికి సర్దుకుంది. "ఇంతకీ చొక్కా మడతపెట్టడం మీకొచ్చా?"

"రాదండీ."

ఆమెకి నవ్వు ఆగలేదు. "ఆదివారం మా ఇంటికి రండి. అమ్మకి మిమ్మల్ని చూపించాలి. మడత నేను నేర్పిస్తాను." వాన సన్నబడటంతో రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీరు నేర్చుకున్నాక కూడా వెళ్లిపోనులెండి."